తాత డప్పు ఏ యేటిది?

మా తాత డప్పును గడికి పంపియ్యుమని పోయిన ఎండకాలం కబురొచ్చింది. ఎనుకటి లెక్క జీతగాడు వచ్చి వాకిట్ల దూరంగ నిలబడి పిలువలేదు. ఫోను చేసిండ్రు. "సారూ" అన్నరు, "మీరు" అన్నరు. దొర మనుమలు హైదరాబాదులనే ఉంటరు. గడిని బాగుచేయించి ముందటి హాల్ల పాత సామాన్లు పెడుతున్నరట. పల్లకి, మోటబొక్కెన, ఇత్తడి గంగాళాలు, వాటి పక్కన మా డప్పు. ఊరి చరిత్ర మీద చిన్న పుస్తకం గూడ అచ్చేస్తున్నరట. అందుల రాసింది ఫోన్లనే చదివి వినిపిచ్చిండ్రు. 1937ల నిజాం రజతోత్సవం జరిగినప్పుడు వాళ్ల తాతగారు ఊరి మాదిగలకు కొత్త డప్పు చేయించి బహూకరించినారట. ఆ డప్పు నేటికీ ఫలానా వారింట భద్రంగ ఉన్నదట.

ఆ ఫలానా వాళ్లం మేమే.

నేను పాత కరీంనగర్ జిల్లాల పుట్టి, పాత ఆదిలాబాదు జిల్లాల పంతులుగిరి చేస్తున్న. 2016ల జిల్లాలు పగిలినంక ఊరు జగిత్యాల కిందికి, బడి మంచిర్యాల కిందికి పోయినయి. మధ్యల గోదారి మాత్రం ఒక్కటే. మా ఇంట్ల డిగ్రీ చదివినోన్ని నేనే మొదటోన్ని. జిల్లా పరిషత్ హైస్కూల్ల సోషల్ చెప్త. ఆరో తరగతి పిల్లలకు ఏటా చెప్పే పాఠం ఒకటుంది, చరిత్రకు ఆధారాలు. శాసనాలు, నాణేలు, కట్టడాలు, తాళపత్రాలు. పన్నెండేండ్ల నుంచి ఆ పాఠం చెప్తున్న. మా అటక మీద ఉన్న వస్తువును ఒక్కసారి గూడ ఆ కంటితోని చూడలేదు.

బాపు లేడు. ఇంటికి పెద్ద మా చిన్నాయిన. ఆయనకు చెప్పిన. "ఇచ్చెయ్యి కొడుకా" అన్నడు. "గడి డప్పు గడికి పోతది. పీడ పోతది."

చిన్నాయినకు ఆ డప్పంటె పడదు. కారణముంది. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలకు వేలమంది కూలినాలి జనం నడిచిపోయిన జైత్రయాత్రల ఆయన గూడ ఉన్నడు. పదహారేండ్ల పోరడు. తిరిగొచ్చినంక మా వాడోళ్లు గడికి వెట్టిడప్పు కొట్టుడు బందు పెట్టిండ్రు. ఆ అక్టోబరులనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నరు. పోలీసు క్యాంపులు దిగినయి. చిన్నాయిన వీపు మీద ఇప్పటికీ రెండు గీతలున్నయి. మల్ల 1994ల మాదిగ దండోరా పుట్టినంక ఆయన డప్పు పట్టిండు గని, తాత డప్పు కాదు. ఇనుప చట్రానికి ఫైబర్ షీటు బిగిచ్చిన కొత్తది కొనుక్కొచ్చిండు. "ఇది మన డప్పు, అది వాళ్ల డప్పు" అనేటోడు. నేను చిన్నప్పటి నుంచి ఆ మాటే విన్న. అది నిజమేనా అని అడుగాలని గూడ తోచలే.

మా నాయినమ్మ మాట వేరే ఉండె. "మీ తాత గోదారి అవుతలి నుంచి తెచ్చుకున్నడు బిడ్డా" అనేది. ఎప్పుడంటె, "మీ పెద్దత్త నడకలు నేర్చినంక." అంతకంటె ఎక్కువ అడిగితె, "నాకు యాదికుంటదా, నేను సదివిన్నా" అని నవ్వేది. 2010ల పోయింది.

రెండు మాటలున్నయి. ఒకటి అచ్చుల పడబోతున్నది. ఇంకోటి చనిపోయిన ముసల్దాని నోట్ల ఉండె. గడోళ్లను రెండు నెలలు టైం అడిగిన. సెలవులే గదా.

మొదలు డప్పును వాకిట్లకు తెచ్చి పాత లుంగీగుడ్డతోని తుడిచిన. తెలిసినోళ్లకు చెప్పనక్కర లేదు, తెలువని పిల్లల కోసం చెప్తున్న. డప్పంటె ఒక కర్ర చట్రం, దానికి ఒకపక్కనే తోలు. తోలు అంచులకు తొర్రలు పొడిచి, వాట్లకెళ్లి తోలు వార్లు ఎనుకకు గుంజి, నడుమ ఒక ఇనుప రింగుకు బిగిస్తరు. కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల. కొట్టేముందు గడ్డిమంట మీద కాపాలె. కాపకుంటె పలుకది. తోలు పిగులుతది, కొత్తది వేస్తరు. వార్లు తెగుతయి, కొత్తవి అల్లుతరు. రింగు తుప్పు పడితె అదీ మారుస్తరు. యాభై ఏండ్ల డప్పుల మొదటి తోలు ఉండదు, మొదటి వార్లు ఉండయి. మిగిలేది చట్రం ఒక్కటే. అంటె చట్రం ఏ యేటిదో తెలిస్తెనే డప్పు ఏ యేటిదో తెలుస్తది.

నాకు ముందుగాల దొరికింది రింగు. తుప్పును సున్నపురాయితోని రుద్దితె ఇంగ్లీషు అక్షరాలు తేలినయి. ఎన్, ఎస్, ఆర్. నాకేం అర్థం కాలె. బడిల లెక్కల సారు ఎవరో కంసాలి పేరేమో అన్నడు. మంచిర్యాలల రైల్వే నుంచి రిటైరైన ఒక పెద్దమనిషి ఉన్నడు, మా స్టూడెంటు తాత. ఆయనకు చూపెడితె చేతిలకు గూడ తీసుకోలే. దూరం నుంచి చూసే చెప్పిండు. "నిజామ్స్ స్టేట్ రైల్వే. ఇది బండ్ల మీద, ల్యాంపుల మీద, ప్రతి సామాను మీద గుద్దేటోళ్లు."

ఆయన చెప్పినదాన్ని తర్వాత పుస్తకాలల్ల సరిచూసుకున్న. మన రైలు మొదలు నిజాం గ్యారంటీ కింద లండన్ కంపెనీ నడిపింది. అప్పుడు దాని గుర్తు ఎన్.జి.ఎస్.ఆర్. 1930ల నిజాం సర్కారు కొనుక్కున్నంక జి పోయి ఎన్.ఎస్.ఆర్. అయింది. 1951 నవంబరుల సెంట్రల్ రైల్వేల కలిసింది. 1966ల దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. కాజీపేట నుంచి మా పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగ బల్లార్షా దాకా లైను పూర్తయింది 1929ల. అంటె ఈ రింగు 1930కి, 1951కి నడుమ తయారైంది.

సంబురపడ్డ. ఇంటికొచ్చి రాసుకుంటుంటె సంబురం దిగిపోయింది. 1937 గూడ ఆ నడుమలనే ఉన్నది గదా! పైగా రింగు మార్చే వస్తువు అని నేనే అనుకున్న. నా ఆధారం నా పక్షాన గూడ లేదు, వాళ్ల పక్షాన గూడ లేదు.

అప్పుడే కరీంనగర్‌ల బ్యాండు కొట్టే ఒక తమ్మునితోని ఈ ముచ్చట పెట్టిన. మా మేనమామ కొడుకు దోస్తు. పెండ్లిళ్లల్ల డ్రమ్ సెట్టు వాయిస్తడు. వాని డ్రమ్ములు మీరట్ల జలీ కోఠీ నుంచి వచ్చినయి. దేశంల బ్యాండుమేళపు సామాను శానమట్టుకు అక్కన్నుంచే వస్తది. నాదిర్ అలీ కంపెనీ 1885 నుంచి అక్కడ ఉన్నది. వాడు నవ్వి, "అన్నా, అమెరికాల గూడ నీ అసోంటోళ్లున్నరు" అన్నడు. చికాగోల లుడ్విగ్ అని ఒక డ్రమ్ముల కంపెనీ ఉండె. అరవయిలల్ల దాని డ్రమ్ములకు చిన్న రేకు బిళ్ల కొట్టి, దాని మీద నంబరు వేసేటోళ్లట. లోపల ఎర్ర సిరాతోని తేదీ ముద్ర గుద్దేటోళ్లట. పాత డ్రమ్ములు కొనేటోళ్లు ఆ నంబరు చూసి ఏ యేటిదో చెప్తరు. అయితె బిళ్లలను డబ్బల నుంచి ఏది చేతికొస్తె అది తీసి కొట్టిండ్రు కాబట్టి నంబర్లు వరుసగ ఉండయి. అందుకని తెలిసినోడు ఒక్క నంబరును నమ్మడు. చట్రం, లోపలి రంగు, బిగింపులు, ముద్ర అన్ని కలిపి చూస్తడు. అదే యేటిదని ఖాయంగ తెలిసిన ఇంకో డ్రమ్మును పక్కన పెట్టి పోలుస్తడు.

వాడు మామూలుగ చెప్పిండు గని నాకు రెండు సంగతులు పట్టుకున్నయి. కంపెనీ డ్రమ్ముకు పేరుంటది, ఊరుంటది, నంబరుంటది. మా డప్పుకు చేసినోని పేరు ఏడ రాస్తరు? రాసేతందుకు చేసినోనికి అక్షరం వస్తెగదా. రెండోది, పక్కన పెట్టి పోల్చుడు. ఒక్క డప్పును ఎంత రుద్దినా లాభం లేదు. చట్రాలు చెక్కినోన్ని పట్టాలె.

లక్సెట్టిపేట దిక్కు ఒక ఊర్ల డప్పులు కట్టే ముసలాయన ఉన్నడని విని పోయిన. ఎనభై దాటినయి. వరుస కలుపుకుంటె నాకు మామ అయితడు. డప్పును ఒళ్లె పెట్టుకున్నడు. నేను రింగు గురించి చెప్పబోతె చెయ్యి అడ్డం పెట్టిండు. ముందుగాల ముక్కు పెట్టి వాసన చూసిండు. గోరుతోని గీకిండు. మల్ల వాసన చూసిండు.

"టేకు" అన్నడు. "మీ దిక్కు యాపతోనో, చింతతోనో చేస్తరు. టేకు మనకెవడిస్తడు అల్లుడా? అడివిల మొద్దు ముట్టుకుంటె జంగలాతోడు తోలు తీసేటోడు."

చట్రం నాలుగు తునకలు కలిపి చేసింది. ఒక తునకల ఒక గుండ్రని తొర్రను కర్ర బిరడాతోని మూసిండ్రు. నేను ఇన్నేండ్లు దాన్ని కర్రల ముడి అనుకున్న. మామ సూది వేడిచేసి బిరడా పక్కన గుచ్చి నాకు వాసన చూపిచ్చిండు. తారు వాసన, సన్నగ. "బోల్టు తొర్ర ఇది. రైలు పట్టాల కింది మొద్దుదో, డబ్బా చెక్కదో. పాతయి పారేస్తె గ్యాంగు కూలోళ్లు పొయ్యిలకు తెచ్చుకునేటోళ్లు. మా నాయిన తెచ్చెటోడు."

రైలు కర్ర, రైలు రింగు. రింగు మారిందేమో అన్న నా అనుమానం సగం పోయింది. రెండూ ఒకే చోటు నుంచి వచ్చినయి. అయినా యేడు తేలలే.

తునకలు కలిసిన కాడ ఒక ఇనుప మొల ఉన్నది. తల వెడల్పుగ కొట్టి ఉన్నది. దాని కింద నల్లటి బిళ్ల. వాషరు అనుకున్న. మామ గూడ అట్లనే అనుకున్నడు. చింతపండు పులుసు పెట్టి తోమితె రాగిరంగు తేలింది. మొల తల చుట్టూ ఉంగరం లెక్క. ఉంగరం మీద అక్షరాలు. కండ్లద్దాలు తీసి ఫోనుతోని ఫొటో కొట్టి పెద్దగ చేసి చూసిన.

సిల్లి పైస!

నా పెయ్యి జలదరించింది. రెండో యుద్ధంల రాగి కరువొచ్చి, ఇంగ్లీషు సర్కారు నడుమ తొర్ర పెట్టి గుద్దిన పైస. 1943 నుంచి 1947 దాకనే వచ్చినయి. మనకు నడిచేది నిజాం హాలీ సిక్కా. ఇది కల్దారు పైస, బల్లార్షా అవుతలి ఇంగ్లీషోళ్ల రాజ్యంది. రైల్లనే దిగి ఉంటది. దాని మీద 1944 అని సాఫుగ ఉన్నది.

నేను ఎగిరి గంతేసేటోన్నే. మామ ఆగుమన్నడు. "మొల తర్వాత కొట్టిండ్రేమో సూడాలెగదా." గీ మాట మా సోషల్ పుస్తకం రాసినోళ్లు గూడ ఇంత సక్కగ చెప్పలేదు. ఆయన మొల చుట్టూ చూసిండు. కర్రల ఇంకో మొల తొర్ర లేదు. పాత మొల పీకి కొత్తది కొడితె కర్ర పగిలిన గుర్తుంటది, అది లేదు. పైస అంచు కిందికి చింతగింజల జిగురు పారి గట్టిపడ్డది. అంటె మొదటి తోలు అతికించేటప్పటికే పైస అక్కడున్నది. చట్రం అంచు మీద జిగురు పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకొని ఉన్నయి. మామ గోరుతోని లెక్కవెట్టి, "ఐదు తోళ్లు మార్చిండ్రు. అన్నిటికన్న అడుగు పొర పైస కిందికి పోయింది" అన్నడు.

1937ల బహూకరించిన డప్పుకు 1944 పైస పుట్టుకతోనే ఎట్ల వస్తది?

ఇగ లేవబోతుంటె మామ డప్పును మలిపి చట్రం లోపలి ముఖం వెలుతురుకు పట్టిండు. బాడిసె దెబ్బల గీతలు కనపడుతున్నయి. ఏం మాట్లాడలే. కొడుకును పిలిచి దూలం మీద నుంచి ఒక ఒట్టి చట్రం దింపిచ్చిండు. తోలు లేదు, సగం చెదలు తిన్నది. రెండింటిని పక్కపక్కన పెట్టిండు. రెండింటిల గీతలు ఒక్కతీరుగ వాలి ఉన్నయి. మిగిలిన అందరి చట్రాలల్ల వాలేదానికి ఉల్టా.

"మా నాయిన పుర్రచెయ్యోడు" అన్నడు.

ఆ దూలం మీది చట్రం వాళ్ల నాయిన చేసిందే, ఆయన పెండ్లికి. మంచిర్యాల కాడ రైల్వే గ్యాంగుల కూలి చేసుకుంట, పొద్దుమూకినంక చట్రాలు చెక్కేటోడట. గోదారి ఇవుతలి నుంచి పారిపోయి వచ్చినోళ్లు ఆ గుడిసెలల్ల మస్తుమంది ఉండేటోళ్లట. వెట్టి పడలేక, దొర జీతం కింద ఉండలేక. మా తాత అందుల ఒకడు. మామకు తాత పేరు తెల్వదు. "జగిత్యాల దిక్కోళ్లు నలుగురైదుగురు ఉండిరి" అన్నడు, అంతే.

యేడు ఎటువైపు ముగుస్తదో చూసుకోవాలె. పైస 1944ది కాబట్టి అంతకు ముందు కాదు. నాయినమ్మ మాట ప్రకారం పెద్దత్త నడకలు నేర్చినంక తాత డప్పుతోని ఇంటికొచ్చిండు. పెద్దత్త ఏ యేట పుట్టింది? కాయిదాలు చూడుమంటరా? ఆధార్ కార్డుల జనవరి ఒకటి అని ఉన్నది. మా వాడల సగం మంది జనవరి ఒకటిన పుట్టిండ్రు, మిగిలిన సగం జూన్‌ల పుట్టిండ్రు. ఎందుకంటె బడిల చేర్చుకునేటప్పుడు నా అసోంటి పంతులే ఏదో ఒక తేదీ రాస్తడు. నేను గూడ రాసిన, దాచేదేముంది. పెద్దత్తనే అడిగిన. "రజాకార్ల గడిబిడిల మా అవ్వ నన్ను సంకనేసుకొని మక్కచేండ్ల దాసుకున్నదట" అన్నది. ఆ గడిబిడి 1947, 48. పోలీసుచర్య 1948 సెప్టెంబరుల. ఆ తర్వాత దొరలు కొన్నాళ్లు ఊరిడిచి పట్నంల ఉన్నరు. మా తాత అప్పుడే తిరిగొచ్చి ఉంటడు. అంటె 1944కు ఎనుక, 1949 అటూఇటుకు ముందు. మంచిర్యాల పక్క గుడిసెలల్ల, రైలు కర్రతోని, ఒక పుర్రచేతి మాదిగోడు చెక్కిండు.

ఒక కంపెనీ బిళ్ల లేకుండ ఇంతదాకా వచ్చిన. నాకు కొంచెం గర్వమే అయింది.

ఇంటికొచ్చి చిన్నాయినకు అన్ని చూపిచ్చిన. రింగు, తొర్ర, పైస, ఫోన్ల ఫొటోలు. బడిల లెక్కనే ఒకటి తర్వాత ఒకటి చెప్పిన. ఆయన బీడీ ముట్టిచ్చుకొని విన్నడు. ఇది దొర ఇచ్చింది కాదు, వెట్టి నుంచి పారిపోయినోడు తన కూలిపైసలతోని చేపిచ్చుకున్నది అని ముగిచ్చిన. మెచ్చుకుంటడనుకున్న.

"చేసిందెవడో చెప్పినవు. బాగనే ఉన్నది" అన్నడు. "మరి ముప్పై ఏండ్లు కొట్టిచ్చిందెవరు?"

నేను ఏం మాట్లాడలే. నిజమే. తాత తిరిగొచ్చినంక దొరలు గూడ తిరిగొచ్చిండ్రు. 1978 దాకా ఆయన అదే డప్పుతోని గడి ముంగట చాటింపులు కొట్టిండు, దొరింట్ల సావులకు దినాలు కాపాడిండు, పెండ్లిళ్లకు రాత్రుల్లు మేలుకున్నడు. ఐదు తోళ్లు ఉత్తగనే అరిగిపోలే. నేను జిగురు పొరల యేడు ఎతుకుతుంటె, ఆయన ఆ పొరలల్ల తాత నడుమును చూస్తున్నడు.

కొంతసేపటికి ఆయనే, "మా నాయిన పారిపోయిండని నాకెవరు చెప్పలే" అన్నడు. "మా అవ్వ 'అవుతలికి పోయిండు' అన్నది గని, బతుకపోయిండనుకున్న." మల్ల బీడీ ముట్టిచ్చిండు. వంగడం తప్ప తెల్వని మనిషని తండ్రి మీద ఆయనకు లోపల ఎప్పుడూ కోపముండె. నలభై ఏండ్ల కోపం. అది ఆ రాత్రే పోయిందని నేను చెప్పను.

గడోళ్లకు ఫోను చేసి ఇయ్యమని చెప్పిన. కారణం గూడ చెప్పిన. 1944 పైస సంగతి వివరంగ రాసి ఫొటోలు పంపిన. చాలా మర్యాదగ జవాబిచ్చిండ్రు. ఆసక్తికరంగ ఉన్నదట. పుస్తకం అప్పటికే అచ్చుకు పోయిందట. వచ్చే ముద్రణల చూస్తరట. ఆ పుస్తకం మా బడి లైబ్రరీకి గూడ ఒక కాపీ వచ్చింది. ఆ పేజీల నేను నా చేతిరాతతోని ఒక చీటీ రాసి అంటుపెట్టిన. పిల్లలు ముందుగాల చీటీనే చదువుతున్నరు.

ఇప్పుడు ఇంకో తకరారు వచ్చిపడ్డది. చిన్నాయిన డప్పుకు తోలు వేపిద్దామంటున్నడు. ఆయన నోటి నుంచి ఆ మాట వస్తదని నేను అనుకోలే. మేకతోలు గూడ చూసిపెట్టిండట. కొత్త తోలు అతకాలంటె చట్రం అంచును గీకి పాత జిగురంత తీసెయ్యాలె. ఆ ఐదు పొరలు పోతయి. పైస కిందికి పారిన అడుగు పొర గూడ ఉంటదో పోతదో. ఆధారం పోతది చిన్నాయినా, ఉన్నదున్నట్టు ఉండనిద్దామని నేను. "పలుకని డప్పును పెట్టుకొని ఏం చేస్తవు? మల్ల గడిల పెట్టినట్టే గదా" అని ఆయన.

మామను అడుగుదామని పోయిన ఆదివారం ఫోను చేసిన. పైస ఉన్న కాడ గీకకుండ ఒక బెత్తెడు ఇడిసిపెట్టి అతకొచ్చా మామా అంటె, అతకొచ్చు గని అక్కడ పట్టు తక్కువైతది, మూల మీద దెబ్బ ఏసినప్పుడు లేస్తది అన్నడు. కొట్టేటోడు ఎవడో దాన్ని బట్టి ఉంటది అన్నడు.

మొన్న శనివారం ఊరికి పోయేసరికి చిన్నాయిన వాకిట్ల కూసోని చింతగింజలు వేంచుతున్నడు. పక్కన బకెట్ల అప్పటికే సగం నానబోసి ఉన్నయి.